హెచ్చరిక దీపం వెలగదు, ఇంజిన్ మాత్రం వణుకుతుంది

ప్రశ్న: సంపాదకులకు నమస్కారం. నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తుంటాను. నాది 2016 నాటి నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు. ఇప్పటికి 82,000 కిలోమీటర్లు తిరిగింది. నాలుగు నెలలుగా దానికొక జబ్బు పట్టుకుంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. నల్లగొండ చేరి గడియారం సెంటర్లో ట్రాఫిక్‌కు ఆగినప్పుడు మాత్రం ఇంజిన్ ఒక్కసారిగా వణికి, ఆర్‌పీఎం ముల్లు 750 నుంచి 500 దాకా పడిపోయి, పది సెకన్లలో తనంతట తానే సర్దుకుంటుంది. ఒక్కోసారి వారం రోజులు అసలు రాదు. కొంచెం రేస్ ఇస్తే పోతుంది. రోడ్డెక్కాక పికప్‌కు లోటు లేదు. ఏసీ ఉన్నా లేకపోయినా ఒకటే. చెక్ ఇంజిన్ లైటు ఒక్కసారి కూడా వెలగలేదు. మెకానిక్ స్కానర్ పెట్టి చూసి, లోపాన్ని సూచించే కోడ్ ఏదీ లేదన్నాడు. ప్లగ్గులు మార్చాడు, ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీని, ఆ గాలి పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సార్‌ను శుభ్రం చేశాడు, బ్యాటరీ టెర్మినల్ కాసేపు తీసి పెట్టాడు. వారం రోజులు బాగుండి మళ్లీ మొదలైంది. ఇప్పుడు ప్లగ్గులకు కరెంటు అందించే నాలుగు కాయిల్స్ మార్చాలంటున్నాడు. నా అనుమానం పెట్రోల్ మీద ఉంది; ఎందుకంటే ట్యాంకు నింపించిన రోజున బంకు నుంచి బయలుదేరేటప్పుడు సెల్ఫ్ కూడా ఎక్కువసేపు తిప్పాల్సి వస్తోంది. మూడు బంకులు మార్చాను, తేడా లేదు. కాయిల్స్ మార్పించమంటారా?
— ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఇప్పుడే మార్పించకండి. మీ లేఖలో అన్నిటికన్నా విలువైన మాటను మీరు చివర్లో, పెట్రోల్ మీద ఫిర్యాదుగా రాశారు. ట్యాంకు నింపించిన వెంటనే సెల్ఫ్ ఎక్కువసేపు తీసుకోవడం, బాగా వేడెక్కిన ఇంజిన్ ఐడ్లింగులో, అంటే బండి ఆగి ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, వణకడం, రేస్ ఇస్తే సర్దుకోవడం అనే ఈ మూడూ ఒకే బండిలో కనిపించినప్పుడు నేను మొదట చూసేది కాయిల్స్‌ను కాదు, పర్జ్ వాల్వ్ అనే చిన్న ప్లాస్టిక్ వాల్వును.

దాని సంగతి చెప్పే ముందు, కోడ్ ఎందుకు రాలేదో చెప్పాలి. కోడ్ లేదంటే జబ్బు లేదని మన మెకానిక్‌లలో చాలామంది అనుకుంటారు. నిజానికి బండిలోని కంప్యూటర్ వెతుకుతున్న రకం జబ్బు కాదనే దానికి అర్థం. సిలిండర్ మండకపోవడాన్ని కంప్యూటర్ క్రాంక్ షాఫ్ట్ (ఇంజిన్ తిప్పే ప్రధాన ఇరుసు) వేగంలో వచ్చే తడబాటును బట్టి పసిగడుతుంది, కానీ ప్రతి తడబాటుకూ దీపం వెలిగించదు. పొగ కాలుష్యం లెక్క కోసం అది సాధారణంగా 1,000 చుట్లను ఒక విడతగా తీసుకుని, అందులో ఎన్నిసార్లు మంట తప్పిందో లెక్కిస్తుంది. 750 ఆర్‌పీఎం దగ్గర 1,000 చుట్లు తిరగడానికి 80 సెకన్లు పడుతుంది. మీ బండి వణికే పది సెకన్లలో ఇంజిన్ తిరిగేది 125 చుట్లు. నాలుగు సిలిండర్లకు కలిపి ఆ సమయంలో 250 సార్లు మండాలి. అందులో పదింటికొకటి తప్పినా, తప్పినవి 25. మొత్తం విడతలోని 2,000 మంటలతో పోలిస్తే అది నూటికి ఒకటింబావు. మీకు స్టీరింగ్ అదిరినంత పని అవుతుంది, కంప్యూటర్ లెక్కలో మాత్రం అది హద్దు దాటకపోవచ్చు. దాటినా, చాలా లోపాలకు వరుసగా రెండు ప్రయాణాల్లో కనిపిస్తే తప్ప దీపం వెలగదు. మొదటిసారి కనిపించినది ‘పెండింగ్’ కోడ్‌గా లోపల ఉంటుంది. మీ మెకానిక్ బ్యాటరీ టెర్మినల్ తీసినప్పుడు అలాంటిది ఏదైనా ఉంటే చెరిగిపోయి ఉంటుంది. దాంతోపాటు కంప్యూటర్ నెలల తరబడి నేర్చుకున్న సర్దుబాట్లు కూడా పోయి ఉంటాయి. వారం రోజులు బాగుందంటే అది మరమ్మతు వల్ల కాకపోవచ్చు. ఎలాగూ ఒక్కోసారి వారం రోజులు రాదని మీరే రాశారు కదా.

ఇప్పుడు ఆ వాల్వు సంగతి. ట్యాంకులో పెట్రోల్ ఎప్పుడూ ఆవిరవుతూనే ఉంటుంది; మే నెల నల్లగొండ ఎండలో అయితే చెప్పనక్కర్లేదు. ఆ ఆవిరి గాలిలో కలవకుండా చార్‌కోల్ క్యానిస్టర్ అనే బొగ్గు గుళికల డబ్బా పట్టి ఉంచుతుంది. ఇంజిన్ వేడెక్కాక కంప్యూటర్ పర్జ్ వాల్వును టిక్కు టిక్కుమని తెరుస్తూ మూస్తూ, ఆ ఆవిరిని కొద్దికొద్దిగా సిలిండర్లకు గాలి చేర్చే గొట్టమైన ఇన్‌టేక్ మానిఫోల్డులోకి వదిలి మండించేస్తుంది. కరెంటు అందనప్పుడు ఈ వాల్వు గట్టిగా మూసుకుని ఉండాలి. లోపలి సీటు మీద ఒక బొగ్గు రేణువు కూర్చుంటే మూసుకోదు. ఆ రేణువు ఒకరోజు పక్కకు జరిగి ఉంటుంది, ఇంకోరోజు అడ్డం పడుతుంది. జబ్బు వస్తూ పోతూ ఉండటానికి ఇంతకన్నా సులువైన కారణం నాకు తోచదు.

ఐడ్లింగులోనే ఎందుకు తెలుస్తుందంటే, థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉండే ఆ స్థితిలో మానిఫోల్డులో పీల్పు బలంగా ఉంటుంది, ఇంజిన్ తీసుకునే గాలి మాత్రం గుక్కెడంత. కారే వాల్వు గుండా వచ్చే ఆవిరి ఆ గుక్కెడు గాలిలో పెద్ద వాటా అయి గాలి-పెట్రోల్ మిశ్రమాన్ని చిక్కబరుస్తుంది, అంటే అందులో పెట్రోల్ ఎక్కువవుతుంది. రేస్ ఇవ్వగానే గాలి అనేక రెట్లు పెరిగి, ఆ వాటా లెక్కలోకి రాకుండా పోతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఐడ్లింగ్ వేగమే ఎక్కువ, పైగా చల్లటి ఇంజిన్‌కు చిక్కటి మిశ్రమమే కావాలి కాబట్టి అప్పుడూ బయటపడదు. బంకులో ట్యాంకు నిండుతుంటే లోపలున్న ఆవిరంతా క్యానిస్టర్ వైపు తోసుకొస్తుంది. తెరుచుకుని ఉన్న వాల్వు గుండా అది మానిఫోల్డులో చేరి, మీరు సెల్ఫ్ కొట్టేసరికి సిలిండర్లలో పెట్రోల్ ఎక్కువై ఉంటుంది. మీ సెల్ఫ్ బాధ అదే. ఏ బంకుకు వెళ్లినా తప్పలేదంటే బంకు తప్పు కాదన్నమాట. పెట్రోల్‌లో నీళ్లో కల్తీయో ఉంటే, తిప్పర్తి దాటి వేగం అందుకునేటప్పుడు కూడా ఇంజిన్ మొరాయించాలి, ఆ ట్యాంకు ఖాళీ అయ్యేదాకా పీడించాలి. (అనుమానం తీరకపోతే బంకులో ఫిల్టర్ పేపర్ పరీక్ష చేయమని అడిగే హక్కు మీకుంది, అడగడానికి మొహమాటపడకండి.)

ఇంత జరుగుతున్నా కంప్యూటర్‌కు ఎందుకు తెలియదంటారా? బండి తన లోపాలను తానే కనిపెట్టడానికి సంబంధించిన మన దేశపు ఆన్‌బోర్డ్ డయాగ్నొస్టిక్స్ నిబంధనలు యూరప్ బాటలో నడిచినవి. ఈ వాల్వు విషయంలో అవి కనీసంగా కోరేది దాని వైరు తెగలేదని కంప్యూటర్ చూసుకోవడమే. వైరు బాగుండి వాల్వు లోపల కారుతుంటే, మీ కాలపు బండ్లలో చాలావాటికి అది తెలుసుకునే సాధనమే లేదు.

పరీక్ష సులువే. ఇంజిన్ వేడెక్కి ఐడ్లింగులో ఉండగా, వాల్వుకు క్యానిస్టర్ వైపు నుంచి వచ్చే రబ్బరు పైపును ఊడదీసి, వాల్వు మూతికి వేలు అడ్డం పెట్టండి. టిక్కుటిక్కుమనే చప్పుడుతో పాటు పీల్పు తగిలితే అది కంప్యూటర్ చేయిస్తున్న పని. అప్పుడు వాల్వు కనెక్టరు తీసేయండి. ఇక పీల్పు పూర్తిగా ఆగిపోవాలి. ఆగకపోతే దొంగ దొరికినట్టే. కనెక్టరు తీసినందుకు ఒక కోడ్ పడవచ్చు, దాన్ని చూసి కంగారుపడకండి. ఇదంతా గాలి ఆడేచోట చేయండి, ఫ్యాన్ బెల్టుకు చేతులు దూరంగా ఉంచండి, పక్కన ఎవరైనా బీడీ ముట్టిస్తే అక్కడినుంచి పంపించేయండి. ఆ పైపులో ఉన్నది పెట్రోల్ ఆవిరి. ఒక రోజు పరీక్షలో నెగ్గినంత మాత్రాన వాల్వును నిర్దోషి అనకండి. ట్యాంకు నింపించిన రోజు, ఎండలో తిరిగొచ్చిన తర్వాత మళ్లీ చూడండి.

ఇంకొక సాక్ష్యం కావాలంటే, ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చిన్న స్కానర్ ఒకటి పెట్టి ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు చూడండి. కంప్యూటర్ పెట్రోల్ కలుపుతుంటే ఆ అంకె ధనాత్మకంగా, తగ్గిస్తుంటే ఋణాత్మకంగా ఉంటుంది. అయిదారు శాతం అటూ ఇటూ మామూలే. వణికే క్షణంలో అది మైనస్ 15కో, 20కో దిగి, 2,500 ఆర్‌పీఎం దగ్గర సున్నా వైపు వస్తే ఆవిరి కథ రుజువైనట్టే. అలాగే వ్యాక్యూమ్ లీకు (మానిఫోల్డులోకి దొంగగాలి చొరబడటం) ఉన్న బండిలో ఐడ్లింగులో అంకె ప్లస్ వైపు పెరగాలని మెకానిక్‌లు చెబుతారు. అది లోపలికి వచ్చే గాలిని నేరుగా కొలిచే ఎయిర్‌ఫ్లో మీటరు ఉన్న బండ్ల మాట. మీది మ్యాప్ సెన్సార్ బండి కాబట్టి, దొంగగాలి వచ్చినా ఆ సెన్సార్ మానిఫోల్డు పీడనం పెరిగినట్టు గమనించి పెట్రోల్ సరిపెడుతుంది. అందువల్ల ట్రిమ్ అంత కదలకుండా ఐడ్లింగ్ వేగమే పెరుగుతుంది. మీ ముల్లు పెరగడం లేదు, పడిపోతోంది. ఇది కూడా చిక్కటి మిశ్రమం వైపే వేలు చూపిస్తోంది.

వాల్వు బాగుందని తేలితే అప్పుడు వరుసగా చూడాల్సినవి ఉన్నాయి. ఐడ్లింగులో బ్రేక్ పెడల్ తొక్కి వదిలినప్పుడు ఇంజిన్ పాట మారితే బ్రేక్‌కు బలం అందించే బ్రేక్ బూస్టరు లేదా దాని పైపు కారుతోంది. మీ బండి మిల్లు షెడ్డు దగ్గర ఆగుతుంది కాబట్టి ఎలుకల సంగతి తప్పకుండా చూడండి. వడ్ల కోసం వచ్చిన ఎలుక వెచ్చదనానికి బానెట్ కింద చేరి పీసీవీ పైపునో (ఇంజిన్ లోపలి ఆవిర్లను మానిఫోల్డుకు చేర్చేది), పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ వైరునో కొరికి పెడుతుంది. ఊకదుమ్ముతో ఎయిర్ ఫిల్టర్ కూడా పుస్తకంలో రాసిన గడువుకు ముందే నిండిపోతుంది. కాయిల్ చెడితే అది సాధారణంగా లోడు మీద, అంటే ఓవర్‌టేక్ చేసేటప్పుడు ముందు బయటపడుతుంది. మీకు ఆ లక్షణం లేదు. ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచే మౌంటు చెడితే వణుకు ఉంటుంది గానీ ముల్లు కదలదు.

చివరిగా ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. బంకులో గన్ను టక్కుమని ఆగిపోయాక, ‘రౌండ్ ఫిగర్ చేస్తా సార్’ అని కుర్రవాడు ఇంకో అర లీటరు నొక్కి నొక్కి పోస్తుంటే మీరు ఊరుకుంటున్నారా? ట్యాంకు మూతి దాకా నింపితే ద్రవరూపంలోనే పెట్రోల్ క్యానిస్టర్‌లోకి పోయి బొగ్గు గుళికలను పాడు చేస్తుంది; అలా చితికిన పొడే వాల్వు దాకా చేరుతుంది. వాల్వు విప్పినప్పుడు తెల్లకాగితం మీద తట్టి చూడండి. నల్లటి పొడి రాలితే ఒక్క వాల్వు మార్చి లాభం లేదు, క్యానిస్టర్ కూడా చూపించాలి.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. ఉపాధ్యాయురాలిని. నా కారు కూడా ఒక్కోసారి ఐడ్లింగులో వణుకుతుంది. ఎక్కువగా రాత్రిపూట, హెడ్‌లైట్లు, ఏసీ వేసి ఉన్నప్పుడు. కోడ్ లేదు. ఇంజిన్ ఆపి తాళంచెవి మాత్రం ఆన్‌లో పెట్టి చూస్తే మ్యాప్ సెన్సార్ 95 కిలోపాస్కల్ చూపిస్తోందని, పుస్తకం ప్రకారం 101 ఉండాలని, సెన్సార్ మార్చాలని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: అమ్మా, మీ సెన్సార్ సరిగ్గానే చెబుతోంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు మానిఫోల్డులో ఉండేది బయటి గాలి పీడనమే. 101 అనేది సముద్రమట్టం దగ్గరి అంకె. మీ ఊరు సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో 95, ఎండాకాలంలో 94 కూడా, రావాల్సిన అంకెలే. 101 చూపించి ఉంటే అప్పుడు అనుమానించాల్సింది. ఇంజిన్ వేడి మీద, ఏసీ ఆపి ఐడ్లింగులో ఉంచితే ఆ అంకె 30కి, 40కి మధ్య నిలకడగా ఉండాలి.

మీ జబ్బు లైట్లు వేసినప్పుడు వస్తోంది కాబట్టి కరెంటు దారి చూడండి. ఐడ్లింగులో అన్నీ వేసి బ్యాటరీ దగ్గర కొలిస్తే వోల్టేజి 13.5కు తగ్గకుండా ఉండాలి. కొన్ని కొత్త బండ్లు పెట్రోల్ ఆదా కోసం కావాలనే దాన్ని తగ్గిస్తాయి గానీ, హెడ్‌లైట్లు వేశాక అవీ పెంచుతాయి. ఆ తర్వాత మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ మొన మీద, రెండో కొనను ఇంజిన్ లోహం మీద ఆనించండి. ఆ తేడా 0.2 వోల్టు దాటితే ఎర్త్ తీగ తుప్పు పట్టిందని అర్థం. అది విప్పి, రెండు కొసలూ గరుకు కాగితంతో రుద్ది బిగించడానికి అరగంట చాలు. సెన్సార్ కొనే ముందు ఆ అరగంట వెచ్చించమని మీ మెకానిక్‌తో చెప్పండి.