ఫోను ఎత్తకపోతే గుండెదడ, దడ తగ్గడానికి మందు!

ప్రశ్న: మాది కడప జిల్లా. వయసు 34. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్లింది. అమ్మమ్మ దగ్గర పెరిగాను. ఇప్పుడు నా భార్య పుట్టింటికి వెళ్లినా, ఫోను ఎత్తకపోయినా ఇక తిరిగి రాదేమోనని గుండెదడ. ముప్పై సార్లు ఫోను చేస్తాను. తట్టుకోలేక తాగుతాను. రెండేళ్లుగా రోజూ క్వార్టర్ దాటుతోంది. మానకపోతే వెళ్లిపోతానని ఆమె అంటోంది. పొద్దున చేతులు కూడా వణుకుతున్నాయి. ముందు భయం పోవాలా, తాగుడు పోవాలా?

డాక్టర్ సలహా: మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసిన చేతుల వణుకు గురించే ముందు చెబుతాను. మీ శరీరం మద్యానికి అలవాటుపడిపోయిందనడానికి అది గుర్తు. ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణం మీదికీ రావచ్చు. మాల వేసుకున్న రోజే మానేసి, మూడో రోజుకు ఆసుపత్రిలో చేరినవాళ్లను చూశాను. కాబట్టి ఒట్లు వద్దు. డాక్టర్ పర్యవేక్షణలో, మాత్రలతో, విటమిన్ బి1 ఇస్తూ మాన్పించాలి. ‘తెలియకుండా కూరలో కలపండి’ అనే ప్రకటనల పొడుల జోలికి ఇంట్లోవాళ్లను వెళ్లనివ్వకండి. వాటిలో డైసల్ఫిరామ్ (తాగితే ఒంటికి పడకుండా చేసే మందు) ఉంటే, అది తెలియక మీరు తాగితే, బీపీ పడిపోయి ప్రమాదం.

ఇక భయం. ‘రెండేళ్లలో వచ్చేస్తాను’ అనే మాట ఆరేళ్ల పిల్లవాడికి లెక్కలోకి రాదు. అమ్మ కనిపించడం లేదు, అంతే. చిన్నతనంలో దగ్గరివాళ్లకు దూరమైతే ఆ బెంగ పెద్దయ్యాక కూడా బంధాల్లో తొంగిచూడవచ్చని బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ గుర్తించారు. అందరికీ ఇలాగే అవుతుందని కాదు. అమ్మను తప్పుపట్టే పనీ లేదు, ఇల్లు నిలబెట్టడానికే కదా వెళ్లింది.

మద్యం కాసేపు దడను అణుస్తుంది. దిగేటప్పుడు దాన్ని రెట్టించి తిరిగిస్తుంది. తెల్లవారుజామున మెలకువ వచ్చి గుండె కొట్టుకుంటోందా? అందులో భార్య గురించిన దిగులెంత, రాత్రి తాగింది దిగడం వల్ల ఎంత అన్నది మానేసిన కొన్ని వారాలకు గాని మాకూ తేలదు. అందుకే రెండింటికీ చికిత్స ఒకేసారి మొదలుపెడతాం. దడకని మెడికల్ షాపులో నిద్రమాత్రలు మాత్రం కొనకండి. మద్యంతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది, పైగా అదొక కొత్త అలవాటు.

కౌన్సెలింగ్‌లో చేయించే సాధన ఒకటి చెబుతాను. ఆమె ఫోను ఎత్తలేదు. మీ ఫోనును పక్క గదిలో పెట్టి పది నిమిషాలు ఆగండి. ఎందుకు ఎత్తలేదనుకుంటున్నారో కాగితం మీద రాయండి. ఆమె తిరిగి చేశాక అసలు కారణం పక్కనే రాయండి: బట్టలు ఉతుకుతోంది, ఫోను చార్జింగ్‌లో ఉంది, పిల్లవాడికి అన్నం పెడుతోంది. నెలకు ఆ కాగితం మీతో వాదిస్తుంది. రాత్రి ఎనిమిదికి ఒక ఫోను అని ఇద్దరూ ఒప్పందం చేసుకోండి. ఆ వేళ ఆమె తప్పకూడదు, మిగతా వేళల్లో మీరు వెంటపడకూడదు. ‘తాగితే ఉండను’ అనడం హద్దు గీయడమే. వదిలేసే ఉద్దేశమే ఉంటే హెచ్చరించాల్సిన పనేముంది?

తాగాలనే తపన తగ్గడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులున్నాయి. లివర్, కిడ్నీ పరీక్షలు చూసి డాక్టరే నిర్ణయిస్తారు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే, బతకాలని లేదనిపించినా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.

మొదటిసారి మీ భార్యను వెంట తీసుకెళ్లండి. ఎంత తాగుతారని డాక్టర్ అడిగితే మీరు క్వార్టరనే అంటారు. అసలు లెక్క ఆమె చెబుతుంది.