అమ్మకు వాట్సాప్ వీడియో కాల్ ఎన్నిసార్లు చెప్పినా మర్చిపోతోంది. ఎలా నేర్పాలి?

అమ్మగారికి 60 దాటాయి, చేతిలో కొత్త ఆండ్రాయిడ్ ఫోన్, అన్నయ్య డల్లాస్‌లో, మూడుసార్లు చూపించినా గుర్తుండట్లేదు అన్నారు. ఆ మూడుసార్లూ ఫోన్ ఎవరి చేతిలో ఉంది? మీ చేతిలో ఉంటే ఆవిడ చూశారు, అంతే. నేర్పేటప్పుడు మీ చేతులు వెనక్కి కట్టుకోండి. నొక్కేది ఆవిడ వేలే కావాలి, తప్పు నొక్కినా సరే.

అంతకంటే ముందు ఆవిడ లేనప్పుడు ఒక అరగంట కూర్చుని ఫోన్ సిద్ధం చేయండి. సగం ఇబ్బందులు అక్కడే పోతాయి.

అన్నయ్య నంబరును అమెరికా కోడ్ +1 తో మొదలుపెట్టి సేవ్ చేయండి. ఉత్త పది అంకెలే కొడితే ఫోన్ దాన్ని మన దేశపు నంబరే అనుకుంటుంది, వాట్సాప్‌లో ఆయన కనిపించరు. డయల్ చేసేచోట సున్నాను నొక్కి పట్టుకుంటే ప్లస్ వస్తుంది. పేరు ఆవిడ పిలిచినట్టే తెలుగులో రాయండి: 'పెద్దోడు' అంటే 'పెద్దోడు'. అన్నయ్యను ప్రొఫైల్‌లో తన ముఖమే పెట్టుకోమనండి. ఇంట్లో నలుగురూ వెంకటేశ్వరస్వామి ఫొటోలే పెట్టుకుంటే చదవడం రానివాళ్లకు ఎవరెవరో ఎలా తెలుస్తుంది? తర్వాత ఆయన చాట్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, 'మరిన్ని'లో షార్ట్‌కట్ జోడించే ఎంపిక నొక్కితే ఆయన ఫొటో ఫోన్ మొదటి తెర మీదికి వచ్చేస్తుంది. ఇక వాట్సాప్ ఎక్కడుందో వెతకక్కర్లేదు.

సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో వాట్సాప్, పర్మిషన్స్‌కు వెళ్లి కెమెరా, మైక్రోఫోన్ రెండూ అనుమతించి ఉన్నాయో లేదో చూడండి. కొత్తవాళ్లు భయపడి 'వద్దు' నొక్కేస్తారు. ఇప్పటి ఆండ్రాయిడ్‌లో రెండుసార్లు వద్దంటే ఫోన్ మళ్లీ అడగదు, 'నా ముఖం కనబడట్లేదట' అన్న ఫిర్యాదు మాత్రం మిగులుతుంది. అక్కడే బ్యాటరీ అన్నచోట 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెట్టండి. లేకపోతే కొన్ని ఫోన్లు తెర ఆరిపోయాక వాట్సాప్‌ను నిద్రపుచ్చుతాయి, కాల్ వచ్చినా మోగదు.

ఎవరూ పెద్దగా చెప్పని సెట్టింగ్ ఒకటుంది. పెద్దవాళ్లు తెరను గట్టిగా, ఎక్కువసేపు నొక్కుతారు. ఫోన్ దాన్ని 'నొక్కి పట్టుకోవడం' అనుకుని ఇంకేదో తెరుస్తుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలో 'టచ్ అండ్ హోల్డ్ డిలే' ఉంటుంది, దాన్ని 'లాంగ్' చేయండి.

ఇప్పుడు పాఠం. మొదటి రోజు కాల్ చేయడం నేర్పకండి. ఎత్తడం, పెట్టేయడం, ఈ రెండే. మీరు పక్క గదిలోంచి ఒక పదిసార్లు చేయండి. తాళం వేసి ఉన్న ఫోన్‌కు కాల్ వస్తే కాల్ ఎత్తే గుర్తును పైకి జరపాలి. చాలామంది దాన్ని టకటకా నొక్కుతారు. 'పలక మీద గీత గీసినట్టు, వేలు ఎత్తకుండా పైకి లాగమ్మా' అంటే అర్థమవుతుంది. ఫోన్ వాడుతుండగా వస్తే మాత్రం పైన చిన్న పట్టీలో ఉత్త నొక్కుడే సరిపోతుంది. ఈ రెండు రకాలూ చూపించండి, లేదంటే 'నిన్న వచ్చింది, ఇవాళ రాలేదు' అంటారు.

పెట్టేయడం దగ్గర ఇంకో చిక్కు. కాసేపటికి ఎర్ర గుర్తు మాయమవుతుంది. తెర మధ్యలో ఒకసారి తాకితే మళ్లీ వస్తుంది. అది తెలియక వెనక్కి వెళ్లే బటన్ నొక్కుతారు. అప్పుడు కాల్ కట్ కాదు, చిన్న పెట్టెలా మూలన నడుస్తూనే ఉంటుంది. ఇంట్లో మాటలన్నీ అవతలికి వెళుతుంటాయి. మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి గట్టిగా నేర్పండి.

రెండో రోజు కాల్ చేయడం: తెర మీద ఫొటో నొక్కాలి, పైన కుడివైపు వీడియో కెమెరా గుర్తు నొక్కాలి. మధ్యలో ఫోన్ 'కాల్ చేయమంటావా' అని అడిగితే ఒప్పుకోవాలి. అంతే. కెమెరా తిప్పడం, గ్రూప్ కాల్ వారం తర్వాత చూసుకోవచ్చు.

మాట సరిగా వినపడకపోతే ముందు వేళ్లు చూడండి. మైకు చాలా ఫోన్లలో కింది అంచున ఉంటుంది, చిటికెన వేలు దాన్నే మూస్తుంది. ఫోన్ చెవికి పెట్టుకునే అలవాటు కొన్నాళ్లు పోదు, అన్నయ్యే ఆవిడ చెవిని చూస్తూ మాట్లాడాలి, తప్పదు. ఫోన్‌ను చెంబుకో డబ్బాకో ఆనించి, కిటికీకి ఎదురుగా కూర్చోమనండి. కిటికీ వెనకుంటే ముఖం నల్లగా కనిపిస్తుంది. పాఠం చెప్పేటప్పుడు రెండు ఫోన్లూ ఒకే గదిలో ఉంటే కీచుమంటాయి, అది ఫోన్ చెడిపోవడం కాదు.

బొమ్మ ఆగిపోతుంటే రోజువారీ డేటా అయిపోయిందేమో చూడండి. కోటా దాటాక వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోయే ప్లాన్లు ఎక్కువ. మెసేజ్ వెళుతుంది కాబట్టి నెట్ ఉందనుకుంటారు, వీడియో మాత్రం నడవదు. సిగ్నల్ తక్కువ ఊళ్లో వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్, డేటాలో 'కాల్స్‌కు తక్కువ డేటా' వేసి ఉంచండి. బంధువులు దుబాయ్‌లో ఉంటే గొడవ మీ ఫోన్‌ది కాదు, అక్కడ వాట్సాప్ కాల్స్‌పై ఆంక్షలున్నాయి.

వేళలు కాగితం మీద రాసి గోడకు అంటించండి. మనకు రాత్రి 8 అంటే డల్లాస్‌లో వేసవిలో ఉదయం 9:30, నవంబరు నుంచి మార్చి దాకా 8:30. అమెరికాలో గడియారం మారిన వారం 'పెద్దోడు ఎత్తట్లేదు' అని కంగారు పడకుండా ముందే చెప్పండి.

తెలియని నంబరు నుంచి వీడియో కాల్ వస్తే ఎత్తవద్దనండి. పోలీసు బట్టలేసుకుని 'నిన్ను అరెస్టు చేశాం, కెమెరా ముందే కూర్చో' అంటే అది మోసమే, వీడియో కాల్‌లో అరెస్టు అన్నది చట్టంలో లేదు. ఎవరైనా స్క్రీన్ షేర్ (మన తెర అవతలివాళ్లకు చూపించడం) నొక్కమంటే ఎర్ర గుర్తు నొక్కేయాలి. డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి మామూలు ఫోన్ చేయాలి. ఈ నంబరు కూడా గోడ మీది ఆ కాగితంలోనే పెద్ద అంకెల్లో రాయండి.