హైదరాబాద్‌లో మెడిసిన్ చదివేవారికి పల్లెల్లో శిక్షణ ఎప్పుడు ఉంటుంది? దాన్ని ఎలా వాడుకోవాలి?

మొదటి ఏడాదిలోనే ఫ్యామిలీ అడాప్షన్ ప్రోగ్రామ్ కింద ఊళ్లో కొన్ని కుటుంబాలు అప్పగిస్తారు. నాట్ల రోజుల్లో పగలు వెళ్తే తాళాలే కనిపిస్తాయి. ఆశా కార్యకర్తను అడిగి ఉదయాన్నే వెళ్లండి.

అసలు శిక్షణ ఇంటర్న్‌షిప్‌లోనే. జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) 2021 ఇంటర్న్‌షిప్ నిబంధనల్లో కమ్యూనిటీ మెడిసిన్‌కు 12 వారాలున్నాయి. (పీజీలకు 3 నెలల డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ వేరు; అది జిల్లా స్థాయి ఆసుపత్రిలో, పల్లె అనలేం.)

చాలామంది పీహెచ్‌సీ ఓపీలో కూర్చుని, లాగ్‌బుక్‌లో సంతకం పెట్టించుకుని వచ్చేస్తారు. జ్వరాలు ఉస్మానియా ఆసుపత్రిలోనూ చూడొచ్చు కదా! బుధ, శనివారాల్లో ఏఎన్‌ఎంతో టీకాల సెషన్‌కు వెళ్లండి. ముందు ఐఎల్‌ఆర్ (టీకాలు నిల్వ చేసే ఫ్రిజ్) చూడండి: ఉష్ణోగ్రత 2–8 డిగ్రీల మధ్య ఉండాలి, రోజుకు రెండుసార్లు చార్టులో ఎక్కించాలి. పెంటావాలెంట్, టీడీ టీకాలు గడ్డకడితే పనికిరావు. బీసీజీ, ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాల పొడిని ద్రావకంతో కలిపాక 4 గంటలు దాటితే పారేయాలి. ప్రిజర్వేటివ్ లేదు కాబట్టి బ్యాక్టీరియా పెరిగి బిడ్డ ప్రాణానికే ముప్పు. వయల్ మీద కలిపిన టైమ్ రాయకపోవడమే తరచూ జరిగే తప్పు. సెషన్‌లో మీ మొదటి పని ఆ టైమ్ రాయడమే.

నర్సింగ్ విద్యార్థులకూ కమ్యూనిటీ హెల్త్ పోస్టింగ్‌లో ఇదే వర్తిస్తుంది.