రీ: వావ్ క్లాసిక్‌లో వారియర్‌తో ట్యాంక్ చేస్తున్నా మాబ్‌లన్నీ మేజ్ మీదకే, క్లాస్ మార్చాలా?

వావ్ క్లాసిక్ (వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేమ్ పాత వెర్షన్)లో ట్యాంక్ అంటే మాబ్‌ల (గేమ్ శత్రువుల) దెబ్బలు తనమీదకి లాక్కుని గ్రూపుని కాపాడేవాడు. చార్జ్‌తో (శత్రువు మీదకి దూకే స్కిల్) దూకాక మీరు బ్యాటిల్ స్టాన్స్‌లోనే (దాడి చేసే పోరాట భంగిమ) ఉండిపోతున్నట్టున్నారు. డెడ్‌మైన్స్ డంజన్‌లో రెండు దెబ్బలకే మాబ్‌లు గుంటూరులో ఉన్న మీ మేజ్ (దూరం నుంచి కొట్టే మంత్రగాడు) ఫ్రెండ్ మీదకి పోతున్నాయన్నారు కదా, కారణం అదే అయ్యుంటుంది.

క్లాస్ (పాత్ర రకం) మార్చొద్దు బ్రదర్. హెల్త్, ఆర్మర్ ఉంటే చాలదు, థ్రెట్ (మాబ్ ఎవరిని కొట్టాలో తేల్చే లెక్క) పుట్టించే స్కిల్స్, టాంట్ (మాబ్‌ని మీవైపు లాక్కునే స్కిల్) కూడా ఉండాలి. వావ్ క్లాసిక్‌లో పాలడిన్‌కి షీల్డ్ ఉన్నా టాంట్ లేదు. వారియర్‌కి అన్నీ ఉన్నాయి.

1. చార్జ్ అవగానే డిఫెన్సివ్ స్టాన్స్. థ్రెట్ 30% పెరుగుతుంది, తగిలే దెబ్బ 10% తగ్గుతుంది. మా బెజవాడ గ్రూపులో కొత్త ట్యాంక్ ఎవరొచ్చినా ఆ బటన్‌ని చార్జ్ పక్కనే పెట్టిస్తాం.

2. స్టాన్స్ మారితే రేజ్ (వారియర్ స్కిల్స్‌కి ఖర్చయ్యే శక్తి) సున్నా అవుతుంది. ఇక్కడే చాలామంది కంగారుపడి వెనక్కి మారిపోతారు. మారకండి, బ్లడ్‌రేజ్ నొక్కండి. వెంటనే 10 రేజ్, ఆ తర్వాత 10 సెకన్లలో ఇంకో 10 వస్తుంది. టాలెంట్లలో టాక్టికల్ మాస్టరీ తీసుకుంటే 25 దాకా రేజ్ మిగులుతుంది, తప్పకుండా తీసుకోండి.

3. ట్యాబ్ కీతో టార్గెట్ మారుస్తూ ఒక్కో మాబ్‌కీ ఒక సండర్ ఆర్మర్ (ఆర్మర్ తగ్గించి థ్రెట్ పుట్టించే దెబ్బ).

4. టాంట్ మొదట్లోనే వాడొద్దు. అది మీ థ్రెట్‌ని పైనున్నవాళ్లతో సమానం చేస్తుందంతే, మీరే పైనుంటే వృథా. చేజారిన మాబ్ కోసం ఉంచుకోండి.

5. రెండు సండర్లు పడేదాకా మేజ్‌ని ఆగమనండి. దూరం నుంచి కొట్టేవాళ్ల థ్రెట్ మీదానికి 130% దాటితేనే మాబ్ అటు తిరుగుతుంది.