చెప్పకుండా సాంబారులో కలపొచ్చా?

ప్రశ్న: మావారు రోజూ తాగుతారు. మాన్పించే మాత్ర ఉందట, పొడి చేసి ఆయనకు తెలియకుండా సాంబారులో కలిపెయ్యమని పక్కింటావిడ అంటోంది. కలపొచ్చా?
– ఒక సోదరి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: వద్దమ్మా, ఆ పని మాత్రం చెయ్యకండి. ఆవిడ చెప్పింది బహుశా డైసల్ఫిరామ్. అది తాగాలన్న కోరికను తగ్గించదు. మద్యం ఒంట్లో పూర్తిగా విరగకుండా మధ్యలో ఆపేస్తుంది, దాంతో ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పేరుకుపోయి ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు వచ్చి, బీపీ పడిపోయి ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. మాత్ర ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉండొచ్చు. వేసుకున్నట్టే తెలియని మనిషి సాయంత్రం తాగకుండా ఎలా ఉంటాడు చెప్పండి? తెలిసి, ఒప్పుకుని వేసుకోవాల్సిన మందు ఇది.

కోరికను తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి ఉన్నాయి. ఏది సరిపోతుందో లివర్, కిడ్నీ పరీక్షలు చూసి డాక్టరే చెప్పాలి. మీ ఊళ్లోనే హోసూరు రోడ్డు మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌లో వ్యసనాల చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. ఆయన రానంటే ముందు మీరే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేసి మాట్లాడండి, డబ్బులేమీ అక్కర్లేదు. ఇంకోటి, పంతం పట్టి ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పించకండి, ఫిట్స్ రావచ్చు.