రెండు రోజులకోసారి అర లీటరు నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

ప్రశ్న: మా నాన్నగారు నడిపిన 1959 నాటి మోరిస్ మైనర్ ఇప్పుడు నా దగ్గర ఉంది. 948 సీసీ ఇంజను. నెల రోజులుగా పొద్దున చూసేసరికి ఇంజను కింద నేల తడిగా ఉంటోంది. రెండు రోజులకోసారి రేడియేటర్‌లో అర లీటరు నీళ్లు పోస్తున్నాను. పై గొట్టం, కింది గొట్టం మార్చాను. రేడియేటర్ విప్పి పరీక్ష చేయిస్తే బాగానే ఉందన్నారు. ఇంజను పై భాగమైన హెడ్డుకీ కింది బ్లాకుకీ మధ్య నీళ్లు కారకుండా ఉండే హెడ్ గాస్కెట్ పోయింది, హెడ్డు విప్పాలని ఒకరు, లీకు మూసే పొడి వేస్తే చాలని మరొకరు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పుడే హెడ్డు విప్పకండి. పొడి అసలు వేయకండి. లీకును మూసే ఆ పొడి రేడియేటర్‌లోని సన్నని గొట్టాలను, హీటరు దారులను కూడా మూసేస్తుంది. అరవై ఏళ్లు దాటిన బండిలో ఆ దారులు ఇప్పటికే తుప్పుతో ఇరుకై ఉంటాయి.

మీ ఉత్తరం చదవగానే నా అనుమానం బైపాస్ గొట్టం మీదికి పోయింది. ఈ ఇంజన్లో థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా రేడియేటర్ వైపు నీళ్ల దారిని మూసి ఉంచే కవాటం) గూటికి కొంచెం కింద, హెడ్డుకీ వాటర్ పంపుకీ మధ్య బొటనవేలంత రబ్బరు ముక్క ఒకటి నిలువుగా ఉంటుంది. థర్మోస్టాట్ మూసుకుని ఉన్నంతసేపు ఇంజన్లో నీళ్లు తిరిగేది దాని గుండానే. పంపు చాటున ఉండటం వల్ల అది చాలామంది కంట పడదు. అది చిట్లితే నీళ్లు బ్లాకు ముందు భాగం మీదుగా జారుతాయి. ఇంజను నడుస్తుంటే ఫ్యాను గాలి వాటిని వెనక్కీ పక్కలకీ చిమ్ముతుంది. అందుకే తడి చూసి లీకు ఎక్కడో చెప్పడం కష్టం. చల్లారిన ఇంజన్లో రబ్బరు, ఇనుము ఒకేలా ముడుచుకోవు కాబట్టి వదులైన పట్టు దగ్గర రాత్రంతా చుక్కలు పడుతూనే ఉంటాయి.

ఇదే రకం ఇంజనుకు నేను ఒకసారి హెడ్డు విప్పాను. రెండు రోజుల పని. కొత్త గాస్కెట్ వేసి, నట్లన్నీ వరుస తప్పకుండా బిగించి, బైపాస్ దగ్గర మాత్రం పాత ముక్కనే మళ్లీ పెట్టాను. మూడో రోజు పొద్దున నేల మళ్లీ తడిసింది. అద్దం ముక్క పట్టుకుని చూస్తే ఆ గొట్టం కింది క్లిప్పు అంచున గోరు గీత లాంటి పగులు కనిపించింది. వేలితో నొక్కితే అందులోంచి చుక్క ఊరింది. అప్పటి నుంచి లీకును కళ్లారా చూడనిదే నేను స్పానర్ పట్టను.

మీరూ ముందు చూడండి. ఇంజను పూర్తిగా చల్లారాక రేడియేటర్ నిండా నీళ్లు పోసి, మూత స్థానంలో చేతి పంపు ఉన్న ప్రెషర్ టెస్టర్ బిగించండి. మీ బండి మూత చదరపు అంగుళానికి 7 పౌన్ల ఒత్తిడికి తగినది. అంతకు మించి కొట్టవద్దు, టంకం వేసిన పాత అతుకులు ఊడతాయి. ఎక్కువ ఒత్తిడి మూత పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే అదీ వినకండి. 7 పౌన్లకే నీళ్లు 111 డిగ్రీల దాకా మరగవు, అది చాలు. ఇంజను ఆగి ఉంటుంది కాబట్టి ఫ్యాను గాలి ఉండదు, చుక్క పుట్టిన చోటే కనిపిస్తుంది. టార్చి వేసి బైపాస్ గొట్టం, పంపు కింది చిన్న రంధ్రం, బ్లాకు పక్కన రంధ్రాలను మూసే రేకు బిళ్లలైన కోర్ ప్లగ్గుల అంచులు వరుసగా చూడండి. పంపు రంధ్రంలోంచి కారితే లోపలి సీలు అరిగినట్టే, పంపు మార్చాలి. ఎక్కడా తడి లేకుండా టెస్టర్ మీద ఒత్తిడి చూపే ముల్లు దిగిపోతుంటే అప్పుడు హెడ్ గాస్కెట్ సంగతి ఆలోచిద్దాం.

బైపాసే అయితే రెండు దారులున్నాయి. ముడతల గొట్టాన్ని నొక్కి, ఏమీ విప్పకుండానే సందులో దూర్చవచ్చు. పని తొందరగా అవుతుంది కానీ ఆ ముడతల దగ్గర రబ్బరు పలుచన. నా మటుకు నాకు పంపు నాలుగు బోల్టులూ విప్పి, కొత్త గాస్కెట్‌తో పాటు మందమైన సాదా గొట్టం వేయడమే ఇష్టం. ఏ దారిలో వెళ్లినా గొట్టం తొడిగే ఇనుప మూతులను గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. తుప్పు పొక్కుల మీద ఎంత బిగించినా నీళ్లు దారి వెతుక్కుంటాయి. క్లిప్పు మర తల స్క్రూడ్రైవరుకు అందే వైపు ఉంచండి.

పని అయ్యాక వట్టి నీళ్లతో నడపకండి, బ్లాకు లోపల ఇనుము తుప్పు పడుతుంది. పాత ఇంజన్లకు పనికొచ్చే నీలం రకం కూలెంట్, శుద్ధ జలం సగం సగం కలిపి, హీటరు కుళాయి తెరిచి మెల్లగా పోయండి. తీసిన కూలెంట్‌ను పళ్లెంలో వదిలేయవద్దు. తియ్యగా ఉంటుందని కుక్కలు, పిల్లులు తాగుతాయి, అది వాటి ప్రాణం తీస్తుంది.

టెస్టర్ పెట్టాక ముల్లు పావుగంట సేపు 7 దగ్గర నిలిచిందో, దిగిందో, తడి ఎక్కడ కనిపించిందో నాకు రాయండి.