జలుబుకు కొలాయిడల్ సిల్వర్ తాగొచ్చా?

ప్రశ్న: నా వయసు 46, బరువు 58 కిలోలు. థైరాయిడ్‌కు రోజూ 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటాను. నాకు తరచూ జలుబు చేస్తోందని అమెరికాలో ఉన్న మా అక్క కొలాయిడల్ సిల్వర్ (వెండి సూక్ష్మకణాలు కలిపిన ద్రావణం) పంపింది. సీసా మీద 30 పీపీఎం అని ఉంది. రెండు నెలలుగా పొద్దున రెండు, రాత్రి రెండు టీస్పూన్లు తాగుతున్నాను. వెండి గ్లాసులో నీళ్లు మంచివంటారు కదా, ఇది కొనసాగించవచ్చా?

సలహా: ఈరోజే మానేయండి. 30 పీపీఎం అంటే మిల్లీలీటరుకు 30 మైక్రోగ్రాముల వెండి. నాలుగు టీస్పూన్లంటే 20 మి.లీ., అంటే రోజుకు 600 మైక్రోగ్రాములు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పెట్టిన పరిమితి రోజుకు కిలో బరువుకు 5 మైక్రోగ్రాములే. మీ బరువుకు అది 290. మీరు తాగుతున్నది రెట్టింపు దాటింది, అదీ సీసా మీది అంకె నిజమైతే.

వెండి క్రిములను చంపుతుందన్న మాట అబద్ధం కాదు. కాలిన గాయాలకు 1 శాతం సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీము మేమే రాస్తాం. కానీ అది పైపూత మందు. తాగిన వెండి కడుపులోని క్లోరైడుతోనూ ప్రోటీన్లతోనూ కలిసిపోతుంది. దానివల్ల ఏ జబ్బూ తగ్గినట్టు రుజువు లేదు. చీటీ లేకుండా అమ్మే ఇలాంటి (ఓటీసీ) మందులను సురక్షితమని గానీ, పనిచేస్తాయని గానీ ఒప్పుకోలేమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చేసింది. అక్కడ సప్లిమెంటు పేరుతో దొరుకుతోందంటే మందుగా పరీక్షకు నిలిచిందని కాదు. వెండి గ్లాసు సంగతి వేరు, ఆ లోహం నీళ్లలో దాదాపు కరగదు.

ఒంట్లో మిగిలిన వెండి చర్మంలో పేరుకుని, ఎండ తగిలే చోట నల్లబడుతుంది. ముఖం, చేతులు నీలి బూడిద రంగుకు తిరుగుతాయి. దీన్ని ఆర్జీరియా అంటాం. మానేసినా ఆ రంగు పోదు. లేజర్‌తో కొందరికి కొంత తగ్గుతుంది. పగటి వెలుతురులో చిగుళ్లు, గోళ్ల మొదట్లో నెలవంకలా తెల్లగా ఉండే భాగం చూసుకోండి. అక్కడ నీలం, బూడిద ఛాయ కనిపిస్తే చర్మవైద్యులను కలవండి.

మీ విషయంలో నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది థైరాయిడ్ మాత్ర. వెండి దాన్ని పేగుల్లో సరిగా ఇంకనివ్వకపోవచ్చు. కాబట్టి ఇప్పుడు రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోను తగ్గితే పెరిగే అంకె) ఎక్కువగా వచ్చినా, మీ డాక్టరుకు ఈ సీసా సంగతి చెప్పకుండా డోసు పెంచుకోకండి. ద్రావణం ఆపేశాక పెరిగిన డోసు పూర్తిగా ఒంటబట్టి గుండెదడ, నిద్రలేమి రావచ్చు. ఆపిన 6 నుంచి 8 వారాలకు మళ్లీ పరీక్ష చేయించండి. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌కూ ఇదే ఇబ్బంది.

ఇక జలుబు. జ్వరం లేకుండా పొద్దున్నే వరుస తుమ్ములు, ముక్కు దురద ఉంటే అది అలర్జీ కావచ్చు. ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి.